పాలపిట్ట, గుర్రపు నాడా: ఈ నమ్మకాలు ఎక్కడివి?

దసరా నాడు పాలపిట్ట కనిపిస్తే ఏడాదంతా కలిసొస్తుందని మా హైదరాబాదులో గట్టి నమ్మకం. లంక మీదికి బయలుదేరిన రాముడికి కనిపించిందని కొందరు, జమ్మిచెట్టు మీది ఆయుధాలు దించుకునేటప్పుడు పాండవులకు కనిపించిందని మరికొందరు అంటారు. ఈ కథలకు పాత కావ్యాల్లోగానీ స్థలపురాణాల్లోగానీ ఆధారం ఉందా? పద్యమో శ్లోకమో చూపిస్తే సంతోషం. ‘మా తాతగారు చెప్పారు’ అనే జవాబు మా ఇంట్లోనే బోలెడంత దొరుకుతుంది.

నా అనుమానం వేరు. పంటచేలలో మిడతల్ని, పురుగుల్ని ఏరుకు తినే పిట్ట ఇది. రైతు కృతజ్ఞతే పండగ ఆచారంగా మారిందేమో! పండగపూట పంజరంలో పెట్టి డబ్బులకు చూపించేవాళ్లూ ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. రెక్కలు కట్టేసిన పిట్టను చూస్తే వచ్చే శుభమేమిటో!

ఇంకొకటి. మనవాళ్లు గుమ్మానికి గుర్రపు నాడా కొట్టేది శనిదోషం పోవాలని. ఇంగ్లండులోనూ కొడతారు, అక్కడ 10వ శతాబ్దపు సెయింట్ డన్‌స్టన్ సైతాను కాలికి నాడా బిగించాడన్న కథ ఉంది. ఈ రెండూ వేరువేరుగా పుట్టాయా, ఒకరి నుంచి ఒకరికి వచ్చాయా? తెలిసినవారు చెప్పగలరు.