స్తూపం మీద డాక్టరు గారి పేరు ఉండాలా, వద్దా?

గట్టుమీది మనవడు: కోనసీమలో మా ఊరి నుంచి యుద్ధాలకు వెళ్ళినవాళ్ళ పేర్లతో స్తూపం కడుతున్నాం. మా తాతయ్య రెండో ప్రపంచయుద్ధంలో బర్మా వైపు ఫీల్డ్ అంబులెన్స్‌లో కెప్టెన్, డాక్టరు. "తుపాకీ పట్టని మనిషి పేరు వీరుల వరసలో ఎందుకు" అని కొందరు అడ్డం పడుతున్నారు. మీరేమంటారు?

పాలకొల్లు బాబాయి: నేనూ ఆ ఊరివాణ్ణే బాబూ, తప్పుగా అనుకోకు. అంబులెన్స్ బండితో వెళ్ళొచ్చిన డాక్టరు గారికి ఆ తర్వాత ప్రాక్టీసుంది, మేడుంది, గౌరవముంది. మా పెదనాన్న శవం కూడా ఇంటికి రాలేదు. దొడ్డమ్మకి మిగిలింది ఒక్క టెలిగ్రాం కాగితం. ఆ రాయి అలాంటివాళ్ళది.

మాజీ సుబేదార్, తాడేపల్లిగూడెం: దొడ్డమ్మ గారి బాధ ముందు నాకు నోరు రావడం లేదు. కానీ ఫీల్డ్ అంబులెన్స్ అంటే బండి కాదండీ, ఒక యూనిట్. స్ట్రెచర్ మోసేవాళ్ళు, డాక్టర్లు అంతా పటాలం వెనకే కదులుతారు. గాయపడినవాణ్ణి ముందు నుంచి తెచ్చి, డ్రెస్సింగ్ స్టేషన్‌లో రక్తం ఆపి, ప్రాణం నిలిపి వెనక ఆసుపత్రికి పంపాలి. ఫిరంగి గుండుకి డాక్టరెవరో తెలీదు. 1951 మార్చి 23న కొరియాలో మున్సాన్ దగ్గర అమెరికన్ పారాట్రూపర్లతో పాటు మన 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ వాళ్ళూ దూకారు. వాళ్ళ కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ కూడా డాక్టరే. ఆయనకి మహావీరచక్ర ఇచ్చారు. పరమవీరచక్ర తర్వాతి పతకం అదే.

పాలకొల్లు బాబాయి: అది విమానంలోంచి దూకినాయన సంగతి. వీళ్ళ తాతగారి సంగతి చెప్పమనండి.

గట్టుమీది మనవడు: చెబుతాను బాబాయి గారూ. నొప్పి తెలియకుండా మార్ఫియా మందు ఇచ్చిన ప్రతివాడి నుదుటి మీదా ఇంగ్లీషు 'ఎం' అక్షరం, పక్కన టైమూ రాసేవారట. వెనక స్టేషన్‌లో తెలియక రెండో డోసు ఇస్తే మనిషి పోతాడు. రాత్రిళ్ళు దీపం పెట్టకూడదు. "ఎడం చేత్తో నుదురు తడిమి, కుడి చేత్తో రాసేవాణ్ణి" అంటూ నా నుదుటి మీద వేలితో రాసి చూపించేవారు. ఇంకో మాట. 1943లో ఆ సరిహద్దులో గాయాలతో వెనక్కి పంపిన ఒక్కొక్కడికి, జబ్బులతో పంపినవాళ్ళు 120 మంది. ఎక్కువగా మలేరియా, విరేచనాలు. మన లంకల్లో జ్వరాలు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. సిపాయిలు మలేరియాకి ఇచ్చే మెపాక్రిన్ మాత్ర మింగేదాకా ఎదురుగా నిలబడేవారట. తనూ మింగి మింగి ఒళ్ళు పసుపు తిరిగిందట. ఆ పని లేకపోతే తుపాకీ పట్టడానికి ఎవరు మిగులుతారు?

రావులపాలెం నర్సు: గాయపడి దొరికిన శత్రువుకీ కట్టు కట్టాల్సిందే, జెనీవా ఒప్పందం ప్రకారం. పొద్దున మనవాణ్ణి కాల్చినవాడికి సాయంత్రం కుట్లు వెయ్యడం ఎంత కష్టమో నేను ఊహించగలను. పేరు ఉండాలి.

పాలకొల్లు బాబాయి: నుదుటి రాత సంగతి నాకు తెలీదు. సరే, పేరు చెక్కించండి. కానీ తిరిగి రానివాళ్ళు పైన, విడిగా. ఆ వరసలో బతికొచ్చినవాళ్ళు ఎవరూ ఉండకూడదు, డాక్టరైనా సిపాయైనా. ఇందులో మాత్రం తగ్గను.

గట్టుమీది మనవడు: తాతయ్య ఉన్నా అదే అనేవారు. మీ పెదనాన్నగారి పూర్తి పేరు ఇంటిపేరుతో సహా పంపండి. బుధవారం చెక్కడం మొదలుపెడతారు.