సెలెరీ, వామాకు, అజమోదం: మూడూ ఒకటేనా?

ప్రశ్న:
నమస్కారం. రక్తపోటు తగ్గుతుందని ఎవరో చెప్పగా మా నాన్నగారు రోజూ పరగడుపున సెలెరీ రసం తాగుతానంటున్నారు. గుండెకు కృత్రిమ కవాటం అమర్చినప్పటి నుంచి ఆయన రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ అనే మందు వాడుతున్నారు. కూరగాయలాయన సెలెరీ అంటే వామాకేనన్నాడు. మూలికల దుకాణంలో అడిగితే అజమోదం పొట్లం కట్టి ఇచ్చారు. ఇవన్నీ ఒకటేనా? రసం తాగడం క్షేమమేనా?

జవాబు 1:
ఒకటి కావండి. మన పెరళ్లలో దళసరిగా, నూగుతో పెరిగే వామాకు తులసి కుటుంబపు మొక్క. వాముతో దానికి వాసనలోనే చుట్టరికం. సెలెరీ మాత్రం కొత్తిమీర, జీలకర్ర, క్యారెట్, అసలు వాము ఉన్న కుటుంబానికి చెందినది; శాస్త్రీయ నామం ఏపియం గ్రావియోలెన్స్. పూతకు వస్తే కొత్తిమీర లాగే గొడుగుల్లాంటి గుత్తులు వేస్తుంది. చాలామంది కాండమనుకొని తినేది నిజానికి ఆకు తొడిమ. దాన్ని విరిచినప్పుడు దారాల్లా వేలాడే పీచు, తొడిమను నిటారుగా నిలిపే కణజాలం. ఇక అజమోదం అనే పేరును ఆయుర్వేదంలో కొందరు సెలెరీ గింజకు, మరికొందరు వాముకు దగ్గరి బంధువైన వేరొక మొక్క గింజకు వాడతారు కనుక, శాస్త్రీయ నామం లేని పొట్లాన్ని నమ్మకండి.

జవాబు 2:
వంద గ్రాముల సెలెరీలో దాదాపు 95 గ్రాములు నీరే; శక్తి 15 కేలరీలకు అటూ ఇటూగా, విటమిన్ కె సుమారు 30 మైక్రోగ్రాములు ఉంటాయి. పాలకూరతో పోలిస్తే ఇది చాలా తక్కువే. అయితే పెద్ద గ్లాసు రసానికి అర కిలో తొడిమలు పిండితే, పిప్పిలో కొంత పోయినా, లెక్క 150 మైక్రోగ్రాముల దరిదాపుల్లోకి వెళ్తుంది. వార్ఫరిన్ పనిచేసేదే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే విటమిన్ కె చర్యను అడ్డుకోవడం ద్వారా కాబట్టి, ఒక వారం తాగి మరో వారం మానేస్తే మందు మోతాదు గాడి తప్పుతుంది. వైద్యునికి చెప్పకుండా మొదలుపెట్టవద్దు.

జవాబు 3:
రక్తపోటు విషయంలో ఆశ కలిగించినవి థాలైడులనే సుగంధ పదార్థాలు. మనుషులపై జరిగిన చిన్న పరీక్షలు ఎక్కువగా గింజల సారంతో చేసినవే. వాటి ఫలితాన్ని రసానికి అంటగట్టడం సరికాదు. సెలెరీ కొందరికి తీవ్రమైన అలర్జీ కలిగిస్తుంది. అందుకే యూరోపియన్ యూనియన్‌లో ఆహార పొట్లాలపై దాని పేరు తప్పక ముద్రించాలి. చర్మాన్ని ఎండకు సున్నితం చేసే సోరలెన్లనే పదార్థాలు ఇందులో ఉండటం వల్ల, కోత కోసేవారి చేతులు ఎండ తగిలి బొబ్బలెక్కడమూ ఉంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. పొట్లం మీద ‘అజమోద’ అన్న ఒక్క మాట తప్ప ఏమీ లేదు, తిరిగి ఇచ్చేస్తాను. వచ్చే వారం ఐఎన్‌ఆర్ పరీక్ష (రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసేది) ఉంది. అప్పుడు వైద్యుణ్ణి అడిగేదాకా రసం ఆపమన్నాను. కొన్న కట్టలోంచి రెండు తొడిమలు తరిగి అమ్మ ఉప్మాలో వేసింది.