‘చారిటబుల్ గ్యాంబ్లింగ్’ని తెలుగులో ఏమందాం?

నమస్కారమండీ. మేముండేది మిన్నెసోటాలో. ఇక్కడి బార్లలో పుల్‌ట్యాబ్‌లని చిన్న అట్ట టికెట్లు దొరుకుతాయి. పైపొర చించితే లోపల బొమ్మలుంటాయి, కలిస్తే డబ్బు. లైసెన్సు మాత్రం బారుది కాదు, ఏ మాజీ సైనికుల క్లబ్బుదో, పిల్లల ఐస్ హాకీ సంఘానిదో. ఖర్చులు పోగా మిగిలిన డబ్బు వాళ్లు మంచి పనులకి వాడాలి, అందుకే ‘చారిటబుల్’. ఊరి నుంచి వచ్చిన మా నాన్నగారికి ‘ధర్మజూదం’ అని చెప్పాను. “ధర్మరాజు ఆడిందా?” అన్నారు. ఇంకేదైనా మాట ఉందా?

— ధర్మాసుపత్రిలో డబ్బు తీసుకోరు, ధర్మసత్రంలోనూ అంతే. ఆ లెక్కన ధర్మజూదం అంటే ఊరికే ఆడనిస్తారనుకుంటారు! ‘ధర్మార్థ జూదం’ నయమేమో.

— ఏదైనా పెట్టండి గానీ ‘జూదం’ మాట తీసేసి ‘వినోద క్రీడ’ అనొద్దు. ద్యూతం ప్రకృతి, జూదం వికృతి అని బళ్లో చదివాం. ఈ జంటకి ఆ పేరు భలే అతికింది.

— ముందు ఒకటి చెప్పండి. ఆ డబ్బుతో క్లబ్బువాళ్లు తమ హాలుకి ఏసీ పెట్టించుకుంటే? అప్పుడూ ధర్మమేనా?

— (అడిగింది నేనే) మాస్టారూ, ఇష్టమొచ్చినట్టు కుదరదు. సొంత భవనం ఖర్చుల్లో చాలావాటికి రాష్ట్ర గ్యాంబ్లింగ్ కంట్రోల్ బోర్డు ముందుగా ఒప్పుకోవాలి. ఆట డబ్బుకి బ్యాంకులో విడిగా ఖాతా ఉండాలి. ఖర్చుని సభ్యులు మీటింగులో ఆమోదించి మినిట్స్‌లో రాసుకోవాలి. టికెట్ల కొనుగోలు, జీతాలు, బారుకిచ్చే అద్దె లాంటివి ‘అలవబుల్ ఎక్స్‌పెన్స్’, అంటే ఆట నడపడానికి అయ్యే ఖర్చు. స్కాలర్‌షిప్పులు, పిల్లల ఆటలు, కష్టంలో ఉన్నవాళ్లకి సాయం ‘లాఫుల్ పర్పస్’, అంటే మిగిలిన డబ్బు పెట్టడానికి చట్టం ఒప్పుకున్న పనులు. ఎన్నికల్లో అభ్యర్థికి ఇస్తే ఒప్పుకోరు. తమాషా ఏంటంటే, ఆ జూదం మీద రాష్ట్రానికి కట్టే పన్ను కూడా లాఫుల్ పర్పస్ లెక్కలోకే వస్తుంది!

— పన్ను కట్టడం దానమెలా అవుతుందండీ!

— పైగా 2012లో ఎలక్ట్రానిక్ పుల్‌ట్యాబ్‌లకి అనుమతిచ్చిందే మిన్నెసోటా జట్టు వైకింగ్స్ ఫుట్‌బాల్ స్టేడియంలో రాష్ట్రం వాటా ఖర్చుకి పన్ను రాబట్టాలని.

— అయితే లాఫుల్ పర్పస్‌ని ‘ధర్మకార్యం’ అనకండి. నాకు ముందు ‘సద్వినియోగం’ తట్టింది, అదీ పొగిడినట్టే ఉంది. ‘చట్టం ఒప్పిన వినియోగం’ అంటే చాలు. ధర్మం వేరు, చట్టం వేరు అని మనకి రెండు మాటలున్నాయి కదా, వాడుకుందాం. చారిటబుల్ గ్యాంబ్లింగ్‌కి కూడా ధర్మాన్ని వదిలేసి ‘విరాళాల జూదం’ అనండి.

— అదే నాన్నగారికి చెప్పి చూశానండీ. “అంత పెద్ద మాటెందుకురా, చందా జూదం అను” అన్నారు. వినాయక చవితికి ఇంటింటికీ తిరిగి వసూలు చేసే చందా ఆయన మనసులో ఉంది.

— చందా జూదం! బాగుంది. కాకపోతే క్లబ్బు అనేసరికి సభ్యత్వ చందా అనుకుంటారేమో?

— అనుకోనివ్వండి. నేనైతే రాసేసుకున్నా.