అప్‌డేట్: మూత మూసినా బ్యాటరీ తరిగిపోయే సమస్య తీరింది

రాత్రి మూత మూసి పెట్టిన ల్యాప్‌టాప్ తెల్లవారేసరికి ఐదో వంతు ఛార్జి కోల్పోతోందని ఇదివరకు అడిగాను. మీరు చెప్పినట్టే లినక్స్‌లో మెమ్‌స్లీప్ ఫైలును (యంత్రానికి ఏయే నిద్ర పద్ధతులు ఉన్నాయో చూపేది) తెరిచి చూస్తే ఎస్2ఐడిల్ అనే తేలిక నిద్ర పద్ధతి ఒక్కటే కనిపించింది. ఆ పద్ధతిలో ఏ ఒక్క పరికరం మేల్కొని ఉన్నా ప్రాసెసరు లోతైన విశ్రాంతి స్థితికి చేరలేదు. బయోస్ (యంత్రం ఆన్ అవుతున్నప్పుడు తెరిచే మూల సెట్టింగులు) పవర్ విభాగంలో స్లీప్ స్టేట్‌ను విండోస్ నుంచి లినక్స్ ఎస్3కి మార్చాక అదే ఫైలులో డీప్, అంటే ఎస్3 అనే గాఢ నిద్ర పద్ధతి కూడా కనిపించింది. ఎస్3లో ప్రధానంగా ర్యామ్‌కే కరెంటు అందుతుంది కనుక, ఇప్పుడు రాత్రికి 2 శాతానికి మించి తగ్గడం లేదు. మేల్కోవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతోంది, అది నాకు సమ్మతమే. అయితే అదే యంత్రంలో విండోస్ కూడా ఉన్నవారు తొందరపడవద్దని నా మనవి, ఎందుకంటే మోడర్న్ స్టాండ్‌బైలో (విండోస్ వాడే తేలిక నిద్ర పద్ధతి) ఇన్‌స్టాల్ చేసిన విండోస్ ఈ మార్పు తరువాత సరిగ్గా పనిచేయకపోవచ్చు. ఓపికగా దారి చూపిన వారందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు.