హైదరాబాద్‌లో నీళ్ళు 98 దగ్గరే మరుగుతున్నాయి, ఐసు 2 చూపిస్తోంది. తప్పు ఎక్కడ?

బడి_ల్యాబు

తొమ్మిదో తరగతి పిల్లలతో ఐసు వేడిచేయించి ఉష్ణోగ్రత–కాలం గ్రాఫు గీయించాలి. ముందుగా ట్రయల్ వేసి చూస్తే పుస్తకంలో ఉన్న గ్రాఫు రావడం లేదు.

250 మి.లీ. బీకరు, ఫ్రిజ్ ట్రే ఐసు 100 గ్రాములు, తడవడానికి కాస్త బోరు నీళ్ళు, తీగల వల మీద బీకరు, కింద స్పిరిట్ ల్యాంపు. థర్మామీటరు −10 నుంచి 110 వరకు ఉండే ఎర్ర ద్రవం రకం, గాజు కడ్డీ.

ఐసు ఇంకా సగం మిగిలి ఉండగానే 2 చూపించి, తర్వాత 4కి వెళ్ళింది. 0 దగ్గర అడ్డగీత రానే లేదు. మరిగేటప్పుడు 98 దగ్గర ఆగిపోయింది. కొత్త బీకరుతో చేసినప్పుడు మాత్రం 98 దాటిపోయి, నీళ్ళు ఒక్కసారిగా ఎగిరి బయట పడ్డాయి. థర్మామీటరు మార్చాలా? బోరు నీళ్ళలోని ఉప్పు వల్లా?

పీడనం_పంతులు

98 సరైన రీడింగే అండీ. 100 వచ్చి ఉంటే అనుమానించాల్సింది.

నీళ్ళ ఆవిరి పీడనం బయటి గాలి పీడనంతో సమానమైనప్పుడు నీళ్ళు మరుగుతాయి. హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి గాలి పీడనం దాదాపు 95 కిలోపాస్కల్స్. సముద్ర మట్టం దగ్గర 101.3, దీన్నే ఒక అట్మాస్ఫియర్ అంటారు. ఈ ప్రాంతంలో ఒక్కో కిలోపాస్కల్ తగ్గితే మరుగు స్థానం సుమారు 0.28 డిగ్రీలు పడిపోతుంది. 6.3ని 0.28తో గుణిస్తే 1.8 తగ్గుదల, అంటే 98.2. విశాఖలో చేస్తే 100కి దగ్గరగా వస్తుంది, బెంగళూరులో 97, హార్స్‌లీ హిల్స్ మీద దాదాపు 96.

బోరు నీళ్ళ మీద నేరం మోపకండి. ఒక కిలో నీళ్ళలో 58 గ్రాముల ఉప్పు కలిపితే మరుగు స్థానం పెరిగేది సుమారు ఒక్క డిగ్రీ. లీటరుకు ఒక గ్రాము లవణాలున్న నీళ్ళలో తేడా 0.02 డిగ్రీలు, అది మీ థర్మామీటరుకు కనిపించదు. పైగా ఉప్పు మరుగు స్థానాన్ని పెంచుతుంది, మీకు వచ్చింది తక్కువ.

ఐసు కరిగే ఉష్ణోగ్రత మాత్రం ఎత్తుతో పెద్దగా మారదు. ఒక అట్మాస్ఫియర్ పీడనం మారినా తేడా డిగ్రీలో వందో వంతు లోపే. 1742లో సెల్సియస్ తన స్కేలు ప్రకటించినప్పుడే ఈ రెండూ గమనించాడు: మరుగు స్థానం బారోమీటరుతో పాటు కదులుతుంది, ఐసు కదలదు. కాబట్టి థర్మామీటరు మంచిదో కాదో తేల్చాల్సింది ఐసు దగ్గర. మీకు అక్కడ వచ్చిన 2 గురించి ఆలోచించండి.

గాజుగొట్టం

ఆ 2 కూడా బహుశా థర్మామీటరు తప్పు కాదు. బల్బు ఎక్కడ ఉందో చూడండి. బీకరు అడుగున ఉండి ఉంటుంది.

మామూలుగా అడుగున వేడెక్కిన నీళ్ళు తేలికై పైకి లేస్తాయి, చల్లవి కిందికి దిగుతాయి, వాటంతట అవే కలుస్తాయి. నీళ్ళకు 0 నుంచి 4 డిగ్రీల మధ్య ఇది తలకిందులు. 4 దగ్గర సాంద్రత గరిష్ఠం. అడుగున 3, 4 డిగ్రీలకు వచ్చిన నీళ్ళు పైన ఐసు పక్కనున్న 0 డిగ్రీల నీళ్ళ కంటే బరువు, అందుకే లేవకుండా అక్కడే కూర్చుంటాయి. 8 డిగ్రీలు దాటితే గానీ అవి 0 డిగ్రీల నీళ్ళ కంటే తేలిక కావు. ఐసు సాంద్రత 0.917 కాబట్టి అది పైనే తేలుతుంది. మీ థర్మామీటరు అడుగున ఉన్న ఆ వెచ్చటి పొరను చూపించింది. ఐసు ఉష్ణోగ్రతను కాదు.

0 సరిచూడాలంటే ఇలా చేయండి. ఐసును గుడ్డలో చుట్టి కొట్టి, కందిగింజంత ముక్కలు చేయండి. ఫ్రీజర్ నుంచి అప్పుడే తీసిన ఐసు −18 దాకా ఉంటుంది, పొడిగా తెల్లగా కనిపిస్తుంది. అది తడిసి మెరిసేదాకా ఆగాలి. ఫ్లాస్కు గానీ మందపాటి థర్మాకోల్ గ్లాసు గానీ అంచుదాకా ఐసుతో నింపి, ముక్కల సందులు నిండేంత మటుకే డిస్టిల్డ్ వాటర్ పోయండి. ఐసు తేలిందంటే నీళ్ళు ఎక్కువయ్యాయి, వంచేయండి. బల్బును మధ్యలో, అడుక్కీ గోడకీ తగలకుండా గుచ్చి, 3 నిమిషాలు ఆగి, కన్ను ద్రవమట్టానికి ఎదురుగా పెట్టి చూడండి. 1 డిగ్రీ గీతలున్న స్కూలు థర్మామీటరు −1 నుంచి +1 లోపు చూపిస్తే చాలు. 2 చూపిస్తే అన్ని రీడింగుల్లోంచి 2 తీసేస్తే సరిపోతుందని అనుకోకండి. పై చివర అదే తేడా ఉండాలని లేదు.

థర్మామీటరు కాండం మీద, బల్బు కొస నుంచి 76 మి.మీ. దగ్గర అడ్డగీత ఉందా? ఉంటే అంతవరకు మునగాలి. 250 బీకరులో 100 గ్రాముల నీళ్ళు 3 సెం.మీ. లోతు కూడా రావు. గీత లేకపోతే అది ద్రవమట్టం దాకా పూర్తిగా ముంచాల్సిన రకం, ఇంకా కష్టం. పాదరసం రకంలో 80 డిగ్రీల పొడవు కాండం 32 డిగ్రీల గదిలో బయట ఉంటే, 98 దగ్గర 0.8 తక్కువ చూపిస్తుంది. ఎర్ర ద్రవం అంతకంటే చాలా ఎక్కువ వ్యాకోచిస్తుంది, అందులో అదే తేడా 5 డిగ్రీలు దాటుతుంది. గ్రాఫు వరకే అయితే సెన్సరు మొనలో ఉండే, నీళ్ళు చొరబడని డిజిటల్ రకం కొనుక్కోండి, ఈ గొడవ ఉండదు.

బడి_ల్యాబు

చాలా ఉపయోగం అండీ. రెండు సందేహాలు. ఫోన్‌లో వెదర్ యాప్ హైదరాబాద్‌కు 1010 హెక్టోపాస్కల్స్ చూపిస్తోంది. అంటే 101 కిలోపాస్కల్స్. మరి 95 ఎలా? ఇక ఆ ఎగిరిపడటం ఏమిటి?

పీడనం_పంతులు

వాతావరణ పటాల్లో ఊళ్ళను ఒకదానితో ఒకటి పోల్చడానికి పీడనాన్ని సముద్ర మట్టానికి సరిచేసి ఇస్తారు. యాప్ ఇచ్చేది అదే. మరుగు స్థానానికి కావాల్సింది మీ గదిలో నిజంగా ఉన్న పీడనం. ఫోన్‌లో బారోమీటరు సెన్సరు ఉంటే దాన్ని నేరుగా చదివే యాప్‌లో 950 చుట్టుపక్కల కనిపిస్తుంది.

ఆవిరి_బండి

ఎగిరిపడటం అతివేడి వల్ల. బుడగ పుట్టాలంటే గీత, దుమ్ము, గాలి చిక్కుకున్న గరుకుచోటు లాంటిది ఏదో ఒకటి ఉండాలి. కొత్త బీకరు లోపల నున్నగా ఉంటుంది, బుడగలు మొదలవడానికి చోటు దొరకదు. నీళ్ళు మరుగు స్థానం దాటి వేడెక్కి, ఎక్కడో ఒక బుడగ పుట్టగానే మిగులు వేడంతా ఒకేసారి ఆవిరిగా మారుతుంది. చల్లగా ఉన్నప్పుడే రెండు మూడు పగిలిన కుండపెంకు ముక్కలు వేయండి. మరచిపోతే మంట తీసి, నీళ్ళు చల్లారాక వేయాలి. వేడి నీళ్ళలో వేస్తే ఆ ముక్కే బుడగలు పుట్టించి మీ మీదికి చిమ్ముతుంది. ఒకసారి మరిగి చల్లారిన పెంకుల్లో గాలి పోయి ఉంటుంది, మళ్ళీ కొత్తవి.

మరుగు స్థానం ఖచ్చితంగా కావాలంటే బల్బును నీళ్ళలో కాదు, ఆవిరిలో పెట్టండి. శంకు కుప్పెలో నీళ్ళు, రెండు రంధ్రాల కార్కు, ఒక దాంట్లో థర్మామీటరు, రెండో రంధ్రం ఆవిరి పోవడానికి. అది మూసుకుపోకూడదు. బల్బు మీద నీటి చుక్కలు కట్టి జారుతుంటే రీడింగ్ స్థిరపడ్డట్టే. ఆవిరి ద్రవమయ్యే ఉష్ణోగ్రతను పీడనమే నిర్ణయిస్తుంది కాబట్టి నీళ్ళ అతివేడి దాన్ని తాకదు. కాండం కూడా ఆవిరిలోనే ఉంటుంది.

అసలు ఇబ్బంది పీరియడ్ సమయంతో వస్తుంది, దాన్ని ఎవరూ అనలేదు. 100 గ్రాముల ఐసు కరగడానికి 33.4 కిలోజౌళ్ళు, ఆ నీళ్ళు 98కి చేరడానికి 41, పూర్తిగా ఆవిరవడానికి 226. మీ ల్యాంపు బీకరుకు ఎంత వేడి ఇస్తోందో ముందు కొలవండి: 100 గ్రాముల నీళ్ళు 30 నుంచి 50కి రావడానికి 4 నిమిషాలు పట్టిందనుకుంటే, 8,360 జౌళ్ళను 240 సెకన్లతో భాగిస్తే 35 వాట్లు. ఆ లెక్కన కరగడానికే 16 నిమిషాలు, మరగడానికి ఇంకో 20. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ గాలికి పోయే వేడి పెరుగుతుంది గనక నిజానికి ఇంకా ఎక్కువ. మొత్తం ఆవిరయ్యేదాకా చూడాలంటే మరో గంటన్నర పైన. 45 నిమిషాల పీరియడ్‌లో ఇది తెమలదు.

100 మి.లీ. బీకరులో 50 గ్రాములతో చేయండి. డిజిటల్ మొన మునగడానికి ఆ లోతు చాలు. ఐసు కొట్టి వేయండి, ఐసు ఉన్నంతసేపూ మంట చిన్నగా పెట్టి, గాజు కడ్డీతో ఆపకుండా కలపండి. థర్మామీటరుతో కలపకండి, బల్బు పల్చని గాజు. అర నిమిషానికో రీడింగ్. చివరి ముక్క మాయమయ్యేదాకా 0–1 మధ్య ఉంటే గీత వచ్చినట్టే. కరిగాక మంట పెంచుకోవచ్చు, కాకపోతే ఎక్కడ పెంచారో గ్రాఫు మీద గుర్తు పెట్టించండి. లేకపోతే అక్కడ వాలు మారడం చూసి పిల్లలు విశిష్టోష్ణం (ఒక గ్రామును ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావాల్సిన వేడి) మారిందనుకుంటారు.

బడి_ల్యాబు

పరీక్షలో మరుగు స్థానం అడిగితే పిల్లలు 98 రాసేస్తారేమోనని భయం.

పీడనం_పంతులు

"ఒక అట్మాస్ఫియర్ పీడనం వద్ద 100" అని మొత్తం వాక్యం రాయించండి, రికార్డు పుస్తకంలో మాత్రం 98.2, పక్కన ఆ రోజు గది పీడనం. వాళ్ళు ప్రెషర్ కుక్కర్ గురించి అడుగుతారు, సిద్ధంగా ఉండండి: వెయిట్ వల్ల బయటి పీడనం మీద సుమారు ఒక అట్మాస్ఫియర్ అదనంగా చేరుతుంది, కాబట్టి విశాఖలో 121 దగ్గర ఉడికేది హైదరాబాద్‌లో 120 దగ్గర ఉడుకుతుంది.