అన్నీ నా పద్ధతిలోనే జరగాలనిపించడం తగ్గేదెలా?

ఎవరికైనా పని అప్పగిస్తే మనసు ఊరుకోదు. వాళ్లు బాగానే చేసినా మళ్లీ సరిచేస్తాను, లేకపోతే టెన్షన్. ఇప్పుడు ఇంట్లోవాళ్లు నన్ను అడగకుండా చిన్న పని కూడా మొదలుపెట్టరు. అది గౌరవం కాదని నాకూ తెలుసు.

పర్ఫెక్షనిజం మూడు రకాలని 1991లో హ్యూయిట్, ఫ్లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు వివరించారు: మన నుంచి మనమే ఆశించడం, ఎదుటివాళ్ల నుంచి ఆశించడం, లోకం మన నుంచి ఆశిస్తోందనుకోవడం. నాది రెండోదే అనుకుంటా. దొరికే సలహాలేమో అన్నీ మొదటి రకానికే! ఓసీడీ (వద్దనుకున్నా వచ్చే ఆలోచనలు, చేసిందే మళ్లీ మళ్లీ చేయాలనిపించే సమస్య) వేరు, ఓసీపీడీ (అన్నీ పద్ధతిగా, తన అదుపులోనే ఉండాలనిపించే వ్యక్తిత్వ సమస్య) వేరు అని కూడా చదివాను. రెండోది ఉన్నవాళ్లకు తమ పద్ధతే సరైనదనిపిస్తుందట.

మరి నాది వట్టి స్వభావమా, సైకాలజిస్టును కలవాల్సినంతదా? ఎలా తెలుస్తుంది? పనిలో నాణ్యత పోకుండా పట్టు సడలించుకున్నవాళ్లుంటే, మొదట ఏ విషయంలో వదిలేశారో చెప్పండి. ‘రిలాక్స్ అవ్వు’ అని మాత్రం అనకండి, అది రోజూ వింటూనే ఉన్నాను.