వేలాండ్‌లో ఏ అప్లికేషన్ ఏ వర్క్‌స్పేస్‌లో తెరుచుకోవాలో ఫిక్స్ చేయడం ఎలా?

లెక్కలటీచర్:
నేను ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్తాను. ఒకటో వర్క్‌స్పేస్‌లో (డెస్క్‌టాప్‌లో మార్చుకుంటూ వాడే విడి తెర) క్లాసు, వైట్‌బోర్డు. రెండోదాంట్లో పీడీఎఫ్‌లు. మూడోదాంట్లో టెలిగ్రామ్, మెయిల్. పిల్లలకి స్క్రీన్ చూపిస్తున్నప్పుడు వాళ్ల అమ్మానాన్నలు ఫీజు గురించి పెట్టిన మెసేజ్ కనబడకూడదు, అదీ నా గొడవ.

పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఉండేవి. లాగిన్ అవగానే అన్నీ తెరిచి, విండోలను జరిపే డబ్ల్యూఎంసీటీఆర్‌ఎల్ కమాండ్‌తో ఒక్కోదాన్ని దాని చోటికి పంపే స్క్రిప్ట్ రాసుకున్నాను. కొత్తదాంట్లో ఉబుంటు లినక్స్, గ్నోమ్ డెస్క్‌టాప్. అదే స్క్రిప్ట్ పెడితే వైట్‌బోర్డు ఒక్కటే మాట వింటోంది. ఫైర్‌ఫాక్స్, టెలిగ్రామ్ ఆ కమాండ్ చూపించే లిస్టులోనే లేవు. ఎర్రర్ కూడా రాదు. డెస్క్‌టాప్ మార్చమని మాత్రం చెప్పకండి, అలవాటు పడిపోయాను.

పాతటెర్మినల్:
స్క్రిప్ట్‌లో తప్పేమీ లేదండీ. మీరు వేలాండ్ సెషన్‌లో ఉన్నారు, అంటే విండోలను తెర మీద చూపించే కొత్త పద్ధతిలో. డబ్ల్యూఎంసీటీఆర్‌ఎల్ పాత పద్ధతి ఎక్స్11 కోసం రాసింది. వేలాండ్‌లో పాత ఎక్స్11 ప్రోగ్రాంలని నడిపే ఎక్స్‌వేలాండ్ మీద ఉన్న విండోలే దానికి తెలుస్తాయి. మీ వైట్‌బోర్డు ఆ బాపతే అయ్యుంటుంది. వేలాండ్‌లో ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాం విండోని జరపడానికి వీల్లేదు. ఆ పని డెస్క్‌టాప్‌ని నడిపే గ్నోమ్ షెల్లే చేయాలి.

అందుకే గ్నోమ్‌కి అదనంగా తగిలించుకునే ఆటో మూవ్ విండోస్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది. దాని సెట్టింగ్స్‌లో అప్లికేషన్‌ని ఎంచుకుని, పక్కన వర్క్‌స్పేస్ నంబర్ ఇస్తే చాలు. ముందుగా సెట్టింగ్స్‌లో మల్టీటాస్కింగ్‌కి వెళ్లి వర్క్‌స్పేస్‌ల సంఖ్య ఫిక్స్‌డ్‌గా పెట్టుకోండి. డైనమిక్‌గా వదిలేస్తే ఖాళీ అయినవి మాయమై నంబర్లు జరిగిపోతాయి. ఇవాళ మూడు అన్నది రేపు రెండవుతుంది.

కేడీఈపక్షం:
మార్చమనను, ఊరికే చెప్తున్నా. కేడీఈ అనే ఇంకో డెస్క్‌టాప్‌లో ఏ విండో ఎక్కడ తెరుచుకోవాలో చెప్పే విండో రూల్స్ ఉన్నాయి, వేలాండ్‌లోనూ పనిచేస్తాయి, ఎక్స్‌టెన్షన్ అక్కర్లేదు. "ఫోర్స్" పెడితే ఆ విండోని తర్వాత మీరు కూడా కదపలేరు. తెరిచినప్పుడు మాత్రమే వర్తించే రకం ఎంచుకోవాలి.

లెక్కలటీచర్:
టెలిగ్రామ్ మూడోదాంట్లోకి బుద్ధిగా వెళ్లింది, థాంక్సండీ. ఫైర్‌ఫాక్స్‌తోనే చిక్కు. క్లాసు అందులోనే, మెయిల్ కూడా అందులోనే. ఒకటికి కట్టేస్తే రెండూ అక్కడికే పోతున్నాయి.

పాతటెర్మినల్:
ఎక్స్‌టెన్షన్ చూసేది అప్లికేషన్‌నే, విండో టైటిల్‌ని కాదు. మెయిల్‌కి వేరే ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ (సెట్టింగ్స్, లాగిన్‌లు విడిగా ఉండేది) చేసుకోండి. దాన్ని తెరిచే కమాండ్‌లో ప్రొఫైల్ పేరుతో పాటు "నేమ్" ఆప్షన్ ఇచ్చి కొత్త పేరు పెట్టండి. అదే పేరుతో డెస్క్‌టాప్ ఫైల్ (అప్లికేషన్ పేరు, ఐకాన్, కమాండ్ గ్నోమ్‌కి చెప్పే చిన్న ఫైల్) రాసి, మీ హోమ్‌లో డాట్ లోకల్, షేర్ కింద ఉండే అప్లికేషన్స్ ఫోల్డర్‌లో వేయండి. రెండు పేర్లూ అచ్చం ఒకేలా ఉండాలి. అప్పుడు గ్నోమ్‌కి అది వేరే అప్లికేషన్, ఐకాన్ కూడా వేరే పెట్టుకోవచ్చు. పైన కేడీఈ రూల్స్ అన్నారు కదా, అక్కడ టైటిల్‌తో విడదీయొచ్చు. కానీ విండో తెరుచుకునే క్షణంలో పేజీ టైటిల్ ఇంకా వచ్చి ఉండదు, రూల్ తప్పుతుంది.

కొత్తగావచ్చా:
నా రెండో మానిటర్‌లో తెరిచినవి ఎటూ కదలడం లేదు. ఎందుకు?

పాతటెర్మినల్:
"ప్రైమరీ డిస్‌ప్లేలో మాత్రమే వర్క్‌స్పేస్‌లు" అనే ఆప్షన్ ఆన్‌లో ఉండి ఉంటుంది. అలా ఉంటే రెండో మానిటర్‌లోని విండోలు అన్ని వర్క్‌స్పేస్‌లలోనూ ఉన్నట్టే లెక్క. మల్టీటాస్కింగ్‌లోనే మార్చుకోవచ్చు.

టీచర్ గారూ, టెలిగ్రామ్ మూడోదాంట్లో ఉన్నా నోటిఫికేషన్ మాత్రం మీరున్న స్క్రీన్ మీదే పడుతుంది. క్లాసు ముందు నోటిఫికేషన్లు ఆపే డు నాట్ డిస్టర్బ్ ఆన్ చేయండి.

లెక్కలటీచర్:
అది నాకు తట్టనేలేదు! మెయిల్ ప్రొఫైల్ కుదిరింది, పేరులో ఒక హైఫన్ తేడా ఉంటే దొరక్క కాసేపు తిప్పలు పెట్టింది. ఇప్పుడు డు నాట్ డిస్టర్బ్‌కి ఒక షార్ట్‌కట్ కీ పెట్టుకుంటున్నాను.